లండన్ నాటకం టికెట్ల కోసం ఆన్‌లైన్ వరుసలో మూడు గంటలు కూర్చున్నాం. అసలు ఇది వరుసేనా?

కొబ్బరాకు
మాది అమలాపురం. మా నాన్నగారు 31 ఏళ్లు కళాశాలలో ఇంగ్లీషు పాఠం చెప్పి పదవీ విరమణ చేశారు. షేక్‌స్పియర్ నాటకాలను ఏటేటా పిల్లలకు చదివి వినిపించారు గానీ, వాటిలో ఒక్కదాన్నయినా రంగస్థలం మీద చూసే యోగం ఆయనకు కలగలేదు. జూన్‌లో అమ్మా నాన్నగారూ లండన్‌లో ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్తున్నారు. అదే నెలలో అక్కడ పేరున్న ఒక సినిమా నటుడు షేక్‌స్పియర్ నాటకంలో ప్రధాన పాత్ర వేస్తున్నాడని తెలిసి, ఎలాగైనా రెండు టికెట్లు తీయాలని అనుకున్నాం.

అమ్మకం లండన్ సమయం ఉదయం 10 గంటలకు, అంటే మనకు మధ్యాహ్నం 2:30కి మొదలవుతుందని రాశారు. నేను రెండింటికే లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. తమ్ముడు డ్యూటీలో ఉండి ఫోన్‌లో ప్రయత్నించాడు. 2:30 కాగానే తెర మారి, 'మీ ముందు 38,412 మంది ఉన్నారు' అని వచ్చింది. తమ్ముడికి 51 వేల పైచిలుకు వచ్చింది. తెర మీద ఒక చిన్న మనిషి బొమ్మ గీత వెంబడి నడుస్తూ ఉంటుంది. ఆ బొమ్మ ఎడమ అంచు నుంచి నడిమికి రావడానికే గంటన్నర పట్టింది. నాన్నగారు మధ్యాహ్నం నిద్ర మానుకుని, పడక్కుర్చీ నా పక్కకు లాక్కుని, ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నారు. నాలుగున్నరకు కరెంటు పోయింది. ఇన్వర్టరుకు లైట్లూ ఫ్యాన్లూ కలిపి ఉన్నాయి గానీ రౌటరు కలపలేదు. ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇచ్చి మళ్లీ తెరిస్తే, చోటు పోకుండా నిలిచింది.

5:40కి మా వంతు వచ్చింది. సీట్ల పటమంతా బూడిద రంగులో ఉంది. పై బాల్కనీలో, స్తంభం వెనుక రెండు సీట్లు మాత్రం నీలంగా కనిపించాయి. వాటినే నొక్కి కార్డు వివరాలు ఇస్తే బ్యాంకు తిరస్కరించింది. రెండో కార్డు తీసేలోపు గడువు ముగిసి, మమ్మల్ని మళ్లీ వరుస చివరికి పంపేసింది. నాన్నగారు ఏమీ అనలేదు. లేచి వెళ్లి మొక్కలకు నీళ్లు పోశారు. ఆయన ఒక్క మాట విసుక్కున్నా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

నేను అడిగేది ఒక్కటే. అరగంట ముందు వచ్చి కూర్చున్నదానికి నా ముందు 38 వేల మంది ఎలా ఉంటారు? ముందు వచ్చినవారికి ముందు అనే లెక్క దీనిలో ఉందా, లేదా? మీలో ఎవరికైనా ఇలా దొరికి ఉంటే, ఎలా దొరికిందో చెప్పండి.

రాజోలు_రేవు
వరుస సంగతి తెలిసినవారు చెబుతారు గానీ, కార్డు తిరస్కరణకు కారణం బహుశా ఇది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులూ, పాతవాటికి బదులుగా ఇచ్చే కార్డులూ మొదట్లో మన దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల యంత్రాల్లో మాత్రమే పనిచేస్తాయి. విదేశీ చెల్లింపులనూ ఆన్‌లైన్ చెల్లింపులనూ మనమే బ్యాంకు యాప్‌లో విడివిడిగా తెరుచుకోవాలి. మా అమ్మాయి విదేశీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు రుసుము కట్టేటప్పుడు నాకు కూడా ఇదే జరిగింది. ముందురోజే తెరిచి పెట్టుకుని, ఏదైనా చిన్న మొత్తం కట్టి చూసుకోవడం మంచిది.

సర్వర్_గది
మాది మండపేట, ఉద్యోగం హైదరాబాదులో. ఒక్కసారిగా జనం మీద పడే సైట్లను నిలబెట్టే పనిలోనే ఉన్నాను కాబట్టి, కొబ్బరాకు గారి ప్రశ్నకు జవాబు చెప్పగలను.

అమ్మకం తెరవకముందు వచ్చినవారందరినీ ఒక నిరీక్షణ గదిలో కూర్చోబెడతారు. అమ్మకం తెరిచిన క్షణాన ఆ గదిలో ఉన్నవారందరినీ కలిపేసి, చీటీలు తీసినట్టుగా సంఖ్యలు ఇస్తారు. చాలా పెద్ద సైట్లలో పద్ధతి ఇదే. రెండింటికి వచ్చినా, 2:29కి వచ్చినా ఆ గదిలో అందరూ సమానమే. 2:30 దాటి వచ్చినవారు మాత్రం వచ్చిన క్రమంలో చివర చేరతారు. ఇలా ఎందుకు చేస్తారంటే, ముందు వచ్చినవారికే ముందు అని పెడితే లక్ష మంది ఒకే సెకనులో తలుపు బాదుతారు, సైటు పడిపోతుంది, పడిపోకపోతే మనుషులకంటే వేగంగా నొక్కే యంత్రాలు గెలుస్తాయి. లోపలికి కొద్దికొద్దిగా వదలడానికి కారణం డబ్బు కట్టే దారి ఇరుకుగా ఉండటం. నిమిషానికి ఎన్ని చెల్లింపులు తట్టుకోగలదో, దానికి తగ్గట్టుగానే మనుషులను వదులుతారు.

కరెంటు పోయినా మీ చోటు పోకపోవడానికి కారణం, మీ బ్రౌజరులో ఆ సైటు దాచి ఉంచిన చిన్న గుర్తు. కిక్కిరిసిన బస్సు కిటికీలోంచి సీటు మీద వేసిన తువ్వాలు లాంటిది అది. తువ్వాలు ఉన్నంతసేపు సీటు మీదే. బ్రౌజరు చరిత్ర తుడిచేసినా, వేరే బ్రౌజరులో తెరిచినా, ప్రైవేటు కిటికీ మూసేసినా తువ్వాలు పోయినట్టే. ఒకే బ్రౌజరులో పది ట్యాబులు తెరిచినంత మాత్రాన పది తువ్వాళ్లు అవవు.

పాలకొల్లు_పంతులమ్మ
అంటే అది వరుస కాదు, చీటీ తీయడం. చీటీ తీస్తున్నామని చెబితే మనిషి ఒక లెక్కకు వస్తాడు, తగిలితే తగిలింది, లేకపోతే లేదు అనుకుంటాడు. వరుస అని పేరు పెట్టి, బొమ్మను నడిపించి, మూడు గంటలు కళ్లప్పగించి కూర్చోబెట్టడం తప్పు. ఒక పెద్దాయన నిద్ర మానుకుని కూర్చున్నది ఆ పేరును నమ్మే కదా.

తణుకు_చెరకు
తిరుమల ఆర్జిత సేవల టికెట్లకు ఎలక్ట్రానిక్ డిప్ ఉంది. పేరు నమోదు చేసుకోవడానికి గడువు ఇస్తారు, ఆ తరువాత డిప్ తీసి, తగిలినవారికి సమాచారం పంపుతారు. మా ఇంట్లో నాలుగేళ్లుగా వేస్తున్నాం, ఒక్కసారి సుప్రభాతం తగిలింది. తగలని సార్లలో మాకు ఎవరి మీదా కోపం రాలేదు. అదే 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు తెరిచిన రోజున మాత్రం ఇంటిల్లిపాదీ తలా ఒక ఫోన్ పట్టుకుని కూర్చుంటాం, ఒకరి మీద ఒకరు కేకలు వేసుకుంటాం. ఒకే దేవుడి దర్శనానికి రెండు పద్ధతులు, ఒకదానిలో ప్రశాంతత, ఇంకొకదానిలో ఆదుర్దా. పంతులమ్మ గారి మాటతో నేను ఏకీభవిస్తున్నాను.

గౌతమి_ఎక్కేవాడు
తత్కాల్ టికెట్లకు కూడా ఇదే గోస. ఏసీకి పదింటికి, స్లీపరుకు పదకొండింటికి తెరుస్తారు. కాకినాడ నుంచి హైదరాబాదు వెళ్లే రైళ్లకు, పండుగ మరునాడు అయితే, పేర్లు నింపేలోపే నిరీక్షణ జాబితా వచ్చేస్తుంది. 2025 జూలై 1 నుంచి ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతాలకే ఆన్‌లైన్ తత్కాల్ ఇస్తున్నారు, ఏజెంట్లను మొదటి అరగంట పక్కన ఉంచుతున్నారు. దానివల్ల నాకు రెండుసార్లు దొరికింది. మనిషిని గుర్తుపట్టే ఏర్పాటు ఉంటే ఎంతో కొంత న్యాయం జరుగుతుందని నా అనుభవం.

గట్టుమీద_రావిచెట్టు
నాకు 68 ఏళ్లు, మాది ఆత్రేయపురం దగ్గర పల్లె. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభివారి నాటకాలు మా వైపు వచ్చినప్పుడు, డేరా ముందు టికెట్టు కోసం నిలబడిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి. కౌంటరు అంటే తడిక గోడలో చేయి పట్టేంత కన్నం. చేయి లోపల పెట్టి డబ్బు ఇస్తే, ఊదా రంగు కాగితం ముక్క వేళ్ల మధ్య పెట్టేవారు. అక్కడ నా ముందు ఎవరున్నారో నాకు తెలుసు, వెనుక ఎవరున్నారో తెలుసు. నాలుగు మెతుకులు తిని రావాలంటే వెనుకవాడికి చెప్పి వెళ్లేవాణ్ని, తిరిగి వస్తే చోటు ఇచ్చేవాడు. టికెట్లు అయిపోవచ్చాయంటే లోపలివాడు తల బయట పెట్టి 'ఇంకో ఇరవై' అని అరిచేవాడు, మేము లెక్క వేసుకుని ఇంటికి పోయేవాళ్లం.

గుడి దగ్గర రాత్రంతా జరిగే పద్య నాటకాలకైతే టికెట్టే లేదు. సాయంత్రం నాలుగింటికే పిల్లలు వెళ్లి వేదిక ముందు గోనె పట్టాలు పరిచి వచ్చేవారు. పరిచిన పట్టాను ఎవరూ జరిపేవారు కాదు. షణ్ముఖి ఆంజనేయరాజు గారి కృష్ణుణ్నీ, పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్నీ చూడటానికి వచ్చిన జనంలో కూడా ఆ మర్యాద ఉండేది. కొబ్బరాకు గారి నాన్నగారికి లేకుండా పోయినది ఆ కంటి ముందరి లెక్క. ఎదురుచూడటం మాకు ఎప్పుడూ బరువు కాలేదు.

యానాం_పడవ
రావిచెట్టు గారూ, మీరు రాసినది చదువుతుంటే కళ్లకు కట్టింది, కానీ ఒక మాట చెప్పక తప్పదు. ఆ తడిక కన్నం ముందు మా అమ్మ ఏనాడూ నిలబడలేదు. సినిమా హాళ్లలో ఆడవాళ్లకు వేరే వరుస ఉండేది గానీ, కొత్త సినిమా మొదటి వారంలో ఆ వరుసలోకి కూడా మగవాళ్లు దూరేవారు. నాన్న తీసుకువస్తే చూడటం, లేకపోతే లేదు. మా అన్నయ్య చొక్కా చిరిగి ఇంటికి వచ్చిన సందర్భాలు నేను చూశాను. కండబలం ఉన్నవాడు ముందుకు దూకేవాడు, గేటు కాపలావాడు తెలిసినవాడికి పక్క తలుపు తీసేవాడు. ఇప్పుడు నేను, చంకలో పిల్లను వేసుకుని, మా ఇంటి అరుగు మీద కూర్చుని టికెట్టు తీయగలుగుతున్నాను. దొరకకపోవచ్చు. కానీ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగేవాడు లేడు.

గట్టుమీద_రావిచెట్టు
మీరు చెప్పినది నిజం, అమ్మా. మా ఇంటి ఆడవాళ్లు గోనె పట్టా మీద కూర్చుని పద్య నాటకం చూశారు గానీ, డేరా టికెట్టు కోసం నిలబడినట్టు నాకూ గుర్తు లేదు. ఆ సంగతి నేను ఆలోచించలేదు. అయినా, ఎన్ని టికెట్లు మిగిలాయో చెప్పే ఆ ఇంకో ఇరవై అన్న కేక ఆన్‌లైన్‌లో కూడా ఉండాలని మాత్రం గట్టిగా అంటాను.

సర్వర్_గది
ఆ కేక పెట్టడం సాంకేతికంగా కష్టం కాదు. ఎన్ని సీట్లు మిగిలాయో వారి కంప్యూటరుకు ప్రతి క్షణం తెలుసు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. లండన్‌లో నాటకాలు సాధారణంగా వారానికి ఎనిమిది ఆటలు ఆడతారు. వెయ్యి సీట్ల నాటకశాల, పన్నెండు వారాలు అనుకుందాం. మొత్తం 96,000 సీట్లు. కొబ్బరాకు గారి ముందున్న 38,412 మంది తలా రెండు టికెట్లు తీసుకున్నా 76,824 అయిపోతాయి. కొందరు నాలుగేసి తీసుకుంటారు. పైగా అన్ని సీట్లూ ఆ రోజే అమ్మకానికి పెట్టరు. అంటే ఆ సంఖ్య చూసిన క్షణానే, దొరికితే మిగిలిపోయిన స్తంభం చాటు సీట్లే దొరుకుతాయని వారికి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

కొబ్బరాకు
రాజోలు_రేవు గారు చెప్పినదే కారణం. బ్యాంకు యాప్ తెరిచి చూస్తే విదేశీ ఆన్‌లైన్ చెల్లింపుల మీట మూసి ఉంది. అది నా పొరపాటు, ఒప్పుకుంటాను. కానీ సర్వర్_గది గారి లెక్క చూసిన తరువాత బాధ ఇంకో రకంగా ఉంది. 2:31కే ఆ మాట చెప్పి ఉంటే, నేను మర్యాదగా లాప్‌టాప్ మూసి, నాన్నగారికి టీ పెట్టి ఇచ్చేదాన్ని. యానాం_పడవ గారి మాట కూడా కాదనలేను, ఎందుకంటే అమలాపురం నుంచి లండన్ నాటకానికి టికెట్టు తీయగలననే ఆలోచన నాకు ఈ పద్ధతి వల్లనే కలిగింది.

భీమవరం_ముగ్గు
నేను సంక్రాంతి సినిమాల సంగతి చెబుతాను. పండుగకు ఊరికి వచ్చే బంధువుల కోసం పదిహేను టికెట్లు తీయాలని నిరుడు కూర్చున్నాను. అమ్మకం తెరిచిన నిమిషంలోనే హాలు పటంలో సగం అమ్ముడైనట్టు చూపించింది. హాలుకు వెళ్లి అడిగితే, కొన్ని వరుసలు మొదటే పక్కన పెట్టామని చెప్పారు. ఎవరికి అని అడిగితే జవాబు లేదు. మా రాష్ట్రంలో ఆన్‌లైన్ టికెట్లను ప్రభుత్వ వేదిక మీదుగానే అమ్మాలని 2021 నవంబరులో సినిమాల చట్టాన్ని సవరించారు, 2022 జూలైలో ఆ ఏర్పాటుపై హైకోర్టు స్టే ఇచ్చింది. ఎవరు అమ్మినా నాకు అభ్యంతరం లేదు. పక్కన పెట్టినవి ఎన్నో, ఎవరి కోసమో ముందే రాసి పెట్టాలి.

థేమ్స్_ఒడ్డున_కోనసీమ
మాది ముమ్మిడివరం, పదకొండేళ్లుగా లండన్‌లో ఉంటున్నాను. నాటకాల పిచ్చి ఉన్నవాణ్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

భీమవరం_ముగ్గు గారు చెప్పిన పక్కన పెట్టడం ఇక్కడా ఉంది, కాకపోతే బహిరంగంగా ఉంటుంది. చాలా నాటకశాలలకు సభ్యత్వం ఉంటుంది, సభ్యులకు కొన్ని రోజుల ముందే అమ్మకం తెరుస్తారు. కొబ్బరాకు గారు చేరిన వరుస సభ్యులందరూ అయిన తరువాత తెరిచిన బహిరంగ అమ్మకం అయి ఉంటుంది. పేరున్న నటుడు వస్తున్నాడంటే, ఆ ఒక్క నాటకం కోసమే సభ్యత్వం కట్టేవారు ఉంటారు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 2015లో ఇక్కడి బార్బికన్ నాటకశాలలో సినిమా నటుడు బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ హామ్లెట్ వేషం వేసినప్పుడు, టికెట్లు అంతకు ముందు ఏడాది ఆగస్టులోనే తెరిచారు. సరిగ్గా ఇదే విధంగా వేలమంది ఆన్‌లైన్ వరుసలో చిక్కుకున్నారు. అయితే ప్రతి ఆటకూ 100 టికెట్లు పది పౌండ్లకే ఉంచారు, 2015 అక్టోబరు 15న ఆ నాటకాన్ని సినిమా హాళ్లలో ప్రత్యక్షంగా చూపించారు. అలాంటి నాటక ప్రసారాలను మన దేశంలో ముంబయిలోని ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రం చూపిస్తూ ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయగలిగినవి చెబుతాను. డబ్బు కట్టలేకపోయినవారి సీట్లు పావుగంట, ఇరవై నిమిషాల్లో పటంలోకి తిరిగి వస్తాయి, కాబట్టి అయిపోయాయని చూపించిన తరువాత కూడా ఓపికగా చూస్తూ ఉండాలి. రాలేనివారు వెనక్కి ఇచ్చిన టికెట్ల కోసం ఆట రోజున నాటకశాల కిటికీ దగ్గర నిలబడవచ్చు, నాకు మూడుసార్లు అలాగే దొరికింది. కొన్ని నాటకాలకు పది పౌండ్ల లాటరీ ఉంటుంది. ఒక ప్రసిద్ధ నాటకానికి ప్రతి శుక్రవారం 40 టికెట్లు తక్కువ ధరకు తెరుస్తారు. లెస్టర్ స్క్వేర్‌లో టీకేటీఎస్ అనే కిటికీ దగ్గర తగ్గింపు ధరకు టికెట్లు అమ్ముతారు, పెద్ద పేరున్న నాటకాలు మాత్రం అక్కడ అరుదుగా కనిపిస్తాయి.

చివరిగా, మీ నాన్నగారు చూడాలనుకుంటున్నది ఆ నటుణ్నా, షేక్‌స్పియర్‌నా? షేక్‌స్పియర్‌నే అయితే, థేమ్స్ నది ఒడ్డున గ్లోబ్ అనే నాటకశాల ఉంది. షేక్‌స్పియర్ కాలం నాటి నాటకశాలను పోలినట్టు కట్టి 1997లో తెరిచారు. వేదిక ముందు ఆకాశం కింద 700 మంది నిలబడి చూడవచ్చు. ఆ టికెట్టు మొదలు పెట్టినప్పుడు అయిదు పౌండ్లు, ఇప్పటికీ చవకే. మన మాటల్లో చెప్పాలంటే నేల టికెట్టు.

పాలకొల్లు_పంతులమ్మ
నేల టికెట్టు అన్న మాటతో నా మనసు నిండిపోయింది. షేక్‌స్పియర్‌ను నేలలో చూడటం కంటే ఇంకేం కావాలి!

కాలువ_లాకు
తిరిగి అమ్మే సైట్ల జోలికి మాత్రం వెళ్లవద్దు. నేను మా చెల్లెలి కోసం ఒక సంగీత కార్యక్రమానికి అసలు ధరకు నాలుగు రెట్లు ఇచ్చి తీశాను. తీరా ద్వారం దగ్గరికి వెళితే అదే టికెట్టుతో ఇంకొకరు అప్పటికే లోపలికి వెళ్లారని చెప్పారు. చెల్లెలు వానలో నిలబడి నాకు ఫోన్ చేసింది. డబ్బు వెనక్కి రావడానికి ఆరు నెలలు పట్టింది.

సర్వర్_గది
యంత్రాలతో పరిమితికి మించి టికెట్లు కొనడం అమెరికాలో 2016 చట్టంతో చట్టవిరుద్ధమైంది, బ్రిటన్‌లో 2018 నిబంధనలతో నేరమైంది. అసలు ధర కంటే ఎక్కువకు తిరిగి అమ్మడాన్ని కూడా నిషేధిస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది. చట్టం ఉన్నంత మాత్రాన యంత్రాలు ఆగవని, రోజూ వాటితో తలపడే నేను చెప్పగలను. గౌతమి_ఎక్కేవాడు గారు చెప్పినట్టు టికెట్టును మనిషి పేరుకు కట్టేస్తేనే తిరిగి అమ్మేవాడికి పట్టు దొరకదు.

యానాం_పడవ
పేరుకు కట్టేస్తే, ఆఖరి నిమిషంలో జ్వరం వచ్చినవారు తమ టికెట్టును చెల్లెలికి ఇచ్చుకోలేరు. తిరిగి ఇచ్చేస్తే డబ్బు ఇచ్చే ఏర్పాటు కూడా దానితో పాటే ఉండాలి.

కొబ్బరాకు
థేమ్స్_ఒడ్డున_కోనసీమ గారి ప్రశ్నను నాన్నగారికి చదివి వినిపించాను. 'ఆ నటుడు ఎవరో నాకు తెలియదమ్మా, నువ్వు చెబితేనే విన్నాను. నాకు ఆ మాటలు మనుషుల నోట వినాలని ఉంది' అన్నారు. ఇన్ని రోజులుగా ఆయన కోసం ఆయనకు తెలియని నటుడి వెంట పడ్డానని అప్పుడు తెలిసింది. ఇప్పుడు నేల టికెట్టే తీయమంటున్నారు. ఆయన వయసు 71, కుడి మోకాలు నొప్పి ఉంది. మూడు గంటలు నిలబడగలరా అన్నదే నా భయం.

రాజోలు_రేవు
వద్దండి. 71 ఏళ్ల మనిషిని మూడు గంటలు నిలబెట్టకండి.

గట్టుమీద_రావిచెట్టు
ఆయన నిలబడతానంటే నిలబడనివ్వండి. ఇష్టమైన నాటకం ముందు మోకాలు గుర్తు రాదు. నేను నిరుడు వాడపల్లిలో ఏడు ప్రదక్షిణలు అలాగే చేశాను.

థేమ్స్_ఒడ్డున_కోనసీమ
నేలలో కూర్చోనివ్వరు, గొడుగు తెరవనివ్వరు, వాన వస్తే తడవవలసిందే. చుట్టూ మూడు అంతస్తుల్లో చెక్క బల్లలు ఉన్నాయి, అక్కడ పైకప్పు ఉంటుంది. బల్లలకు మెత్తలు అద్దెకు ఇస్తారు. అమ్మా నాన్నగార్లకు బల్ల మీద, మీ తమ్ముడికి నేలలో తీయండి. నాన్నగారికి మరీ మనసైతే కాసేపు కొడుకు చోటులోకి దిగి నిలబడవచ్చేమో, అక్కడి కాపలావారిని మర్యాదగా అడిగితే చెబుతారు.

యానాం_పడవ
సమయం లెక్క జాగ్రత్త. మార్చి చివరి ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుతారు. చలికాలంలో అక్కడి ఉదయం 10 అంటే మనకు 3:30, వేసవిలో 2:30. పాత అలవాటున 3:30కి కూర్చుని నేను ఒకసారి గంట ఆలస్యమయ్యాను.

కొబ్బరాకు
ఈ మధ్యాహ్నం టికెట్లు తీశాను. వరుస లేదు, నడిచే బొమ్మ లేదు. కింది అంతస్తులో బల్ల మీద రెండు, తమ్ముడికి నేలలో ఒకటి, మొత్తం ఆరు నిమిషాల పని. విదేశీ చెల్లింపుల మీట నిన్ననే తెరిచి పెట్టాను, ఓటీపీ వచ్చింది, డబ్బు వెళ్లింది. నాన్నగారు పడక్కుర్చీలోంచి లేచి వచ్చి తెర మీద తమ పేరు రెండుసార్లు చదువుకున్నారు. ఆ తరువాత గదిలోకి వెళ్లి, అట్ట ఊడిపోయిన పాఠ్యపుస్తకం తెచ్చి, అంచుల్లో పెన్సిలుతో రాసుకున్న గుర్తులను అమ్మకు చూపించడం మొదలు పెట్టారు.

మీ అందరికీ నా కృతజ్ఞతలు. నాన్నగారు ఒక సందేహం అడగమన్నారు. చిన్నప్పుడు మా తాతగారి ఊళ్లో పద్యం బాగుంటే ఒన్స్‌మోర్ అని అరిచేవారట, నటుడు మళ్లీ పాడేవాడట. గ్లోబ్‌లో అలా అడిగితే మళ్లీ చెబుతారా అని ఆయనకు తెలుసుకోవాలని ఉంది.

థేమ్స్_ఒడ్డున_కోనసీమ
మళ్లీ చెప్పరు. కానీ అక్కడి నటులు నేలలో ఉన్నవారి కళ్లలోకి చూసే మాట్లాడతారు, జనం నవ్వితే ఆగుతారు, కేక వేస్తే తిరిగి చూస్తారు. ఏ రోజు ఆటకు తీశారో నాకు విడిగా సందేశం పెట్టండి. ఆ రోజు నేను కూడా నేలలో ఒక టికెట్టు తీసుకుంటాను.

గట్టుమీద_రావిచెట్టు
చూసి వచ్చాక ఆయన చేతనే ఇక్కడ రాయించండి, అమ్మా. మేము ఎదురుచూస్తాం.